ఖాళీ పీట నోము

అక్షతలు కుడిచేత పట్టుకొని, మనసు ఇటు పెట్టి వినుడు. పొయ్యి మీద ఏమైనను పెట్టి వచ్చినవారున్నచో ఇప్పుడే దింపి రండు. కథ సగములో లేచుట కూడదు.

పూర్వము గౌతమీ తీరమున దేవరాతుడను మునీంద్రుని ఆశ్రమమునకు శాండిల్యుడను ముని వచ్చెను. ఆయన శిష్యుడొకడు ధర్మము బోధించుటకై ఉత్తరదేశమునకు పోయి, మంచు పడి కనుమలు మూసుకొనిపోగా తిరిగి రాలేదు. శాండిల్యుడు జపమునకు కూర్చున్నను చెవి దారివైపే యుండెను. ఆయన దేవరాతునకు నమస్కరించి, పోయినవాడు వచ్చునో రాడో తెలియక ఎదురుచూచు బాధ తపస్సు చేతకూడ తగ్గుటలేదనియు, దానికి తగిన వ్రతమేదైన నున్నచో సెలవిమ్మనియు అడిగెను. దేవరాతుడు ఇట్లు చెప్పదొడగెను.

ఓ శాండిల్యా! కలియుగమున జరుగబోవు కథ యిది. జరిగినట్లే చెప్పెదను, వినుము.

గోదావరి పాయ నడుమ మొగలిలంక యను గ్రామము కలదు. ఆ గ్రామమున సౌమ్యనారాయణాచార్యులను వైష్ణవ బ్రాహ్మణుడు భార్య వకుళమ్మతో నివసించుచుండెను. ఎదురింట చూడమ్మ యను వృద్ధురాలికి వరదాచార్యులను ఒక్కడే కుమారుడు. సముద్రమున కావల చెరకు పండెడి దీవి యొకటి యున్నది. తాతల నాడు కూలికి పోయిన మనవారు అచ్చట స్థిరపడిరి. భగవత్కథలు తెలుగున చెప్పువారిని పంపుడని వారు వైష్ణవ పీఠమును కోరగా, పీఠమువారు సౌమ్యాచార్యులను, వరదుని పంపిరి. ఉగాది పచ్చడి ఇంటనే తిందుమని చెప్పి వారిద్దరును విమానమెక్కిరి.

వారు పోయిన కొన్నాళ్ళకు లోకమున మహమ్మారి పుట్టెను. రాజ్యములన్నియు తలుపులు మూసుకొనెను. విమానములు నిలిచెను, రైళ్ళు నిలిచెను, లంకకు వచ్చు పంటు పడవను సైతము రేవున కట్టివేసిరి. ఉగాది వచ్చెను, పోయెను. వేపపూవు రాలి కాయ లయ్యెను. వారు మాత్రము రాలేదు.

ఆ రెండిండ్లలోను ఒక ఆచారము కలదు. ఇంటి యజమాని ఊరు వెళ్ళినప్పుడు భోజన వేళ ఆయన పీటను ఎప్పటిచోటనే వేసి, ముందు ఆకు పరచి, వండిన దంతయు కొంచెము కొంచెము వడ్డింతురు. ఆ పీట మీద ఎవ్వరును కూర్చుండరాదు. పిమ్మట ఆ యన్నము ఆవునకు పెట్టుదురు. వకుళమ్మ ఈ యాచారమును ఎంత నిష్ఠగా జరిపెననగా, పీట మీద ఈగ వాలినను విసనకర్ర తీసికొని లేచెడిది. కందాబచ్చలి కూర ఆయనకు ప్రాణమని, ఆయన వచ్చువరకు దానిని వండనని ఒట్టు పెట్టుకొనెను. సాయంకాలము ఫోను మ్రోగిన క్షణమున ఆమె ప్రాణము లేచి వచ్చెడిది. తెరమీద ఆయన ముఖము కదలక నిలిచిపోయిననుగూడ చూచుచు కూర్చుండెడిది.

ఇట్లుండగా తూర్పు కొండల దేశమునుండి వచ్చిన రెమా యను యువకుడు ఆ లంకలో చిక్కుకొనెను. అతడును బోధకుడే. క్రీస్తు కథలు చెప్పుచు ఊరూరు తిరుగుచు వచ్చి, పంటు నిలిచిపోగా కదలలేకపోయెను. గ్రామస్థులు వానిని మూతబడిన పాలకేంద్రములో ఉంచిరి. మొదట నాలుగు రోజులు పోటీపడి అన్నము పంపిరి, పిమ్మట ఎవరికి వారు ఎదుటివారు పంపుచున్నారులే యని ఊరకుండిరి. ఊరి సంగతి తెలిసినదే గదా.

ఒకనాడు మిట్టమధ్యాహ్నమున అతడు వకుళమ్మ గుమ్మము ముందు నిలిచి, వచ్చీరాని తెలుగున అన్నము అడిగెను. అప్పుడే ఆమె పీట ముందు వడ్డించుచుండెను. అతని చూపు ఆకు మీద పడెను.

"అది మావారి పీట నాయనా. ఎవర్నీ కూర్చోనివ్వం. మావాళ్ళే ఏ దేశంలో ఎలా ఉన్నారో తెలీక మేం ఛస్తున్నాం, నువ్వొకడివి. వెళ్ళిరా" అనెను.

అతడు కోపగించుకొనలేదు. "మా అమ్మ కూడా అంతే అమ్మా. పొయ్యి దగ్గర నా ముక్కాలిపీట. ఎవర్నీ కూర్చోనివ్వదు" అని చెప్పి వెడలిపోయెను.

వకుళమ్మ ఆకులోని అన్నము ఎత్తి ఆవునకు పెట్టెను. ఆవు వాసన చూచి మొగము త్రిప్పుకొనెను. ఆ సాయంకాలము ఫోను మ్రోగలేదు. మరునాడును మ్రోగలేదు. తోడు పెట్టిన పాలు తోడుకొనలేదు. పీఠమునకు ఫోను చేయగా, ఆ దీవిలో వారిని ఉంచుకొన్న ఇంటివారికి జబ్బు సోకినదనియు, మనవారు ఆ యిల్లు విడిచి ఎటు పోయిరో తెలియుటలేదనియు చెప్పిరి. వకుళమ్మకు లోకము తలక్రిందులయ్యెను. పీటను పట్టుకొని ఏడ్చెను. పీట ఏమి చేయగలదు?

ఎదురింట చూడమ్మయు అదే వార్త వినెను. ఆమెకు చూపు సరిగా ఆనదు. ఆమె చేతికర్ర పట్టుకొని పాలకేంద్రమునకు పోయి, చింతచిగురు ఉడకబెట్టుకొని తినుచున్న రెమాను చేయి పట్టుకొని ఇంటికి తెచ్చి, వరదుని పీట మీద కూర్చుండబెట్టి అన్నము పెట్టెను. వకుళమ్మ అది చూచి నిప్పులు త్రొక్కినట్లు వచ్చెను.

"పిన్నీ, మడీ ఆచారం ఏమైపోయాయి? కొడుకు పీట మీద వాణ్ణి కూర్చోబెడతావా?"

"నా కొడుకు ఈపాటికి ఎవరి పీట మీద కూర్చున్నాడో వకుళా" అనెను చూడమ్మ. "ఎవరో ఒక తల్లి కూర్చోబెట్టే ఉంటుంది గదా. నేను వీణ్ణి పొమ్మంటే రేపు ఆవిడకి ఏ మొహం చూపించను?"

వకుళమ్మ ఇంటికి పోయెను. మూడు దినములు ఆలోచించెను. నాలుగవ దినమున తానును రెమాను పిలిచెను. పిలిచెను గాని, భర్త పీట వేయలేదు. అటకమీది విరిగిన పీట వేసెను. కందాబచ్చలి వండలేదు. నిన్నటి చారు పోసెను. అతడు రెండు ముద్దలు తినునంతలోనే, దారులు ఎప్పుడు తెరచెదరట, నీవు ఎప్పుడు పోవుదువట అని అడిగెను. అతడు తల వంచుకొని గబగబ తిని లేచిపోయెను. ఆ సాయంకాలము ఫోను మ్రోగెను. వకుళమ్మ పరుగెత్తి ఎత్తెను. లోపల గాలి హోరు తప్ప మాట లేదు. పిలుపు తెగిపోయెను. సగము మనసుతో చేసిన నోమునకు సగము ఫలమే కలిగెను.

ఆ హోరు వినిన చెవికి ఇక నిద్ర పట్టలేదు. అవతల మనిషి యుండి మాట లేకపోవుట కంటె నరకము లేదని ఆమెకు తెలిసెను. పీట వేసియు మంచి మాట ఆడక తాను రెమాకు చేసిన దదియే యనియు తెలిసెను. తెల్లవారగనే తలస్నానము చేసి, భర్త పీటను పసుపునీటితో కడిగి, ముగ్గు వేసి, అరటియాకు పరచెను. ఒట్టు గట్టుమీద పెట్టి పెరటిలోని కంద త్రవ్వి, బచ్చలి కోసి, ఆవ పెట్టి కూర వండెను. రెమాను పిలిచి ఆ పీట మీద కూర్చుండబెట్టెను. ఎప్పుడు పోవుదువని అడుగలేదు. మీ యమ్మ పేరేమని అడిగెను. అతడు చెప్పెను. చెప్పుచుండగా అతని కంట నీరు తిరిగెను. కూర ఘాటని చెప్పెను గాని, ఆవ యంత ఘాటుగా లేదు.

ఆ సాయంకాలము ఫోను మ్రోగెను. సౌమ్యాచార్యుల గొంతు వినబడెను. వారు ఏ గుమ్మము తట్టినను పొమ్మనిరట. బస్సులు ఆగు చోట పడుకొనిరట. ఆనాటి మధ్యాహ్నము ఒక ముసలి బెస్తస్త్రీ, మన దేవుడు కాదు, మన భాష కాదు, లోనికి పిలిచి, ఓడలో వంటవాడుగా పోయి రాలేక చిక్కుకొన్న తన కొడుకు కుర్చీలో వారిని ఒకరి తరువాత ఒకరిని కూర్చుండబెట్టి అన్నము పెట్టెనట. వకుళమ్మ ఫోను పట్టుకొని ఎదురింటికి పరుగెత్తెను. చూడమ్మ కొడుకుతో మాటలాడవలెనని కోరెను. వరదుడు అలసి ఆ కుర్చీలోనే నిద్రపోయెనని, లేపుదునని ఆచార్యులు చెప్పెను.

"వద్దు నాయనా, లేపకు. పడుకోనీ. రేపు మాట్లాడతాలే" అనెను చూడమ్మ.

ఆ రేపు రాలేదు. తెల్లవారకముందే వరదునికి జ్వరము వచ్చెను. ఆస్పత్రికి తీసికొనిపోయిరి. తొమ్మిదవనాడు అతడు పరమపదించెను. దేహము కూడ రాలేదు. అక్కడనే అగ్ని సంస్కారము జరిగెనని పీఠమువారు కబురు చేసిరి.

చూడమ్మ యింట పొయ్యి వెలుగలేదు. మైల తీరిననాడు ఆమె వరదుని పీటను కడిగి, ముగ్గు వేసి, ఆకు పరచి, రెమాను పిలువనంపెను. ముసలమ్మకు మతి తప్పెనని కొందరనిరి. అతడు తినుచుండగా ఆమె గోడ కానుకొని ఆ నమలు చప్పుడు వినుచు కూర్చుండెను.

నెలలు గడిచెను. విమానము లొకటి రెండు కదలెను. సౌమ్యాచార్యులు దేశమునకు వచ్చి, పట్నమున ఒక పక్షము వేరుగా నుండి, ఒకనాటి మధ్యాహ్నము పడవ మీద లంకలో దిగెను. ఇంటికి వచ్చునప్పటికి తన పీట మీద ఎవరో కూర్చుండి భోజనము చేయుచుండెను. వకుళమ్మ చేతిలోని గరిటె జారిపడెను. రెమా కంగారుపడి లేవబోయెను.

"కూర్చో నాయనా. తినేవాళ్ళు మధ్యలో లేవకూడదు" అని ఆమె చెప్పెను. ఇన్ని నెలలు ఎవరికొరకు కన్నులు కాయలు కాచెనో, ఆయనను గుమ్మమున నిలిపి, రెమాకు మజ్జిగన్నము వడ్డించెను. సౌమ్యాచార్యులు పీటను చూచెను, భార్యను చూచెను. ఆయనకు అంతయు తెలిసెను. వీధి అరుగు మీద చతికిలబడి, తన వంతు వచ్చువరకు కూర్చుండెను. ఇదియే ఈ నోమునకు ఉద్యాపనము.

చూడమ్మ కర్ర తాటించుకొనుచు అరుగు చెంతకు వచ్చెను. ఆచార్యులు ఆమె పాదములపై పడి ఏడ్చెను. ఆమె అతని తల నిమిరి, ఒక్క మాట అడిగెను.

"వాడు తిన్నాడా నాయనా?"

"తిన్నాడు పిన్నీ. ఆరోజు ఆవిడ పెడితే మారు వడ్డించుకుని తిన్నాడు. ఆస్పత్రికి కూడా రోజూ గంజి కాచి పంపింది. చివరిరోజు వరకూ."

చూడమ్మ చేతులు రెండును ఎత్తి, సముద్రమున్న దిక్కునకు నమస్కరించెను.

పిమ్మట దారులు తెరచిరి. రెమా తన కొండలకు పోయెను. ముక్కాలిపీట మీద కూర్చుండి, తల్లి పక్కన నుండగా ఫోనులో వారికి కనబడెను. ఆ తల్లియు చూడమ్మయు భాష తెలియక ఒకరినొకరు చాలసేపు చూచుకొనిరి.

ఇట్లు దేవరాతుడు చెప్పగా, శాండిల్యుడు కలతపడి, ఆలస్యముగా చేసిన వకుళమ్మకు భర్త దక్కెను గదా, తొలుత చేసిన చూడమ్మకు కలిగిన ఫలమేమని అడిగెను.

"ఈ వ్రతము పోయినవానిని రప్పించునని నేను చెప్పలేదు శాండిల్యా" అని దేవరాతుడు పలికెను. "వాడున్న చోట వాని ముందు ఒక పీట వేయించును. అంతవరకే దీని చేయి సాగును."

శాండిల్యుడు తన ఆశ్రమమునకు పోయి, శిష్యుని దర్భాసనమును దులిపి పరచి, ఆ దారిన పోవు బాటసారిని పిలిచెను.

ఓడల మీద పోయినవారి భార్యలు, సరిహద్దున నున్న సిపాయిల తల్లులు, గల్ఫు పోయినవారి బిడ్డలు, దేవుని మాట చెప్ప దూరదేశము పోయినవారి ఇంటివారు, వార్త తెలియక ఎదురుచూచువారు, వార్త తెలిసియు ఎదురుచూచువారు ఈ నోము నోచవలెను. పోయినవారి పీటనే వేయవలెను, వారికిష్టమైనదే వండవలెను, దారి మూసుకొనిపోయిన వానిని పిలువవలెను. కులము అడుగరాదు, దేవుడెవరని అడుగరాదు, ఎప్పుడు పోవుదువని అసలే అడుగరాదు. నోచినవారి యింట పాలు తోడుకొనును, పొయ్యి చల్లారదు, వారి వారు ఏ దేశమున నున్నను పస్తుండరు.

ఇక చేతిలోని అక్షతలు సగము దేవుని పాదముల చెంత వేయుడు. సగము ఆ ఖాళీ పీట మీద వేయుడు. వేసి, ఎవరైన నొకరు లేచి వీధి తలుపు తీయుడు.