కోదండం తీసిన మూడు ఫొటోలు

అనగనగా ఒక అడవిలో ఇప్పచెట్ల తోపు ఉండేది. చెట్ల మీద కొండముచ్చులు, చెట్ల కింద చుక్కల దుప్పులు కాపురం ఉండేవి. వాళ్ళ మధ్య తాతల నాటి ఒప్పందం ఒకటి ఉంది. కొండముచ్చులకి చూపు ఎక్కువ. దుప్పులకి ముక్కు వాడి. పైనుంచి చిరుత కనబడితే కొండముచ్చు "ఖక్! ఖక్!" అని అరవాలి. దుప్పులు పరిగెత్తాలి. కింద చిరుత వాసన తగిలితే దుప్పి కాలు నేలకేసి కొట్టి కూత పెట్టాలి. నీళ్ళకి దిగిన కొండముచ్చులు చెట్టెక్కాలి. అంతే ఒప్పందం. సంతకాలూ లేవు, సాక్షులూ లేరు. అయినా ఎవరూ తప్పలేదు.

తోపులో అన్నిటికంటే ఎత్తయిన కొమ్మకి కాపలా కొమ్మ అని పేరు. కొండముచ్చులు వంతులవారీగా దాని మీద కూర్చునేవి. అక్కడ కూర్చున్నంతసేపూ పండు కొరకకూడదు, పేలు చూసుకోకూడదు, కునుకు తీయకూడదు. కింద మేసేవాళ్ళు తల వంచుకుని నిశ్చింతగా మేస్తున్నారంటే, పైన ఒకడు తల ఎత్తుకుని చూస్తున్నాడనే కదా!

ఆ దుప్పుల్లో చుక్కమ్మ అని ఒకతె ఉండేది. ముక్కు మీద కోపం. అయితే పిల్లలూ, ఆమె ఊరికే కోప్పడేది కాదు. నేను ఆమె పక్షమే, ముందే చెప్తున్నాను. ఆమెకి ఆ వేసవిలో ఒక కొడుకు పుట్టాడు. పేరు బొట్టు. పుట్టి ఇరవై రోజులు. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయేవి.

ఒకరోజు అడవి చూడడానికి జీపులో మనుషులు వచ్చారు. బండ మీద కూర్చుని పులిహోర తిన్నారు. కోదండం అనే కుర్ర కొండముచ్చు, అరటిపళ్ళున్నాయనుకుని వాళ్ళ నల్ల సంచి ఎత్తుకుపోయాడు. లోపల కెమెరా ఉంది. మనుషులు ఎలా పట్టుకుంటారో, ఎక్కడ నొక్కుతారో వాడు కొమ్మ మీంచి ఎన్నిసార్లు చూశాడో! రెండు రోజుల్లో ఫొటోలు తీయడం నేర్చేసుకున్నాడు. బ్యాటరీ అయిపోదా అని అడక్కండి. మాట్లాడే దుప్పిని నమ్మారు కదా, ఇదీ నమ్మండి.

మొదట్లో అందరికీ సరదాగానే ఉండేది. ఉడుత తన తోక చూసుకుని మురిసింది. అడవిపంది తన మొహం చూసుకుని, "ఇది నేను కాదు," అని దెబ్బలాడింది. కోదండానికి పొగడ్తలు తలకెక్కాయి. మామూలు ఫొటోలు చప్పగా అనిపించసాగాయి. ఎవరూ తీయని ఫొటో తీయాలి. అదే ధ్యాస.

మొదట పికిలిపిట్ట గూటి దగ్గరికి వెళ్ళాడు. గూట్లో మూడు పిల్లలు.

"ఆకులు అడ్డొస్తున్నాయి. పిల్లల మొహాల మీద వెలుతురు లేదు," అన్నాడు.

"ఆ ఆకుల మరుగు చూసే గూడు కట్టాను నాయనా. వాటి జోలికి పోకు," అంది పికిలిపిట్ట.

"ఒక్క ఫొటో వదినా. ఎంతసేపు!"

అంటూనే పుటుక్కు పుటుక్కుమని నాలుగు రెమ్మలు విరిచాడు. వెలుతురు పడింది. మూడు ఎర్రటి నోళ్ళు తెరుచుకున్నాయి. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే జెముడుకాకి ఆ దారిన పోతూ గూడు చూసింది. ఎలా చూడదు? అడ్డం లేదుగా! మూడు పిల్లల్నీ తినేసింది. పికిలిపిట్ట ఖాళీ గూటి చుట్టూ తిరుగుతూ రోజంతా ఏడ్చింది.

చుక్కమ్మకి ఒళ్ళు మండిపోయింది. చెట్టు కింద నిలబడి కేకేసింది.

"ఏమిటి తమ్ముడూ ఈ పని? ఆ రెమ్మలు నిన్నేం చేశాయి?"

"పిల్లల్ని నేను తిన్నానా అక్కా? తిన్నది జెముడుకాకి. పోయి దాన్ని అడుగు."

"దానికి దారి చూపించిందెవరు?"

కోదండం అప్పటికే అటు తిరిగాడు. ఉడుతకి ఫొటో చూపిస్తున్నాడు. "అబ్బ, ఎంత ముద్దొస్తున్నాయో!" అంది ఉడుత.

"ఆ ముద్దొచ్చేవి కాకి కడుపులో ఉన్నాయి!" అని అరిచింది చుక్కమ్మ. ఎవరూ ఆమె వైపు చూడలేదు. అందరూ ఫొటో వైపే చూస్తున్నారు.

రెండోసారి తాబేలు తాత వంతు వచ్చింది.

"తాతా, నీ పొట్ట మీద గీతలు భలే ఉంటాయట. ఒక్క ఫొటో," అన్నాడు కోదండం. ముసలాయన వద్దనేలోపే వెల్లకిలా తిప్పేశాడు. టిక్కుమని నొక్కాడు. ఇంతలో తలమీంచి నీలంగా ఏదో పిట్ట ఎగిరింది. కెమెరా పట్టుకుని దాని వెంట పడ్డాడు. తాతని తిరగెయ్యడం మర్చిపోయాడు. మర్చిపోయాడట! ఎండలో, వేడి రాళ్ళ మీద, ఆ ముసలి ప్రాణం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కాళ్ళు కొట్టుకుంటూ పడివుంది.

చుక్కమ్మ నీళ్ళకి వెళ్తూ చూసింది. మూతితో మూడుసార్లు తోస్తే గాని తాబేలు తాత బోర్లా పడలేదు.

"నువ్వే అడగాలమ్మా వాణ్ణి. మా మాట ఎవరు వింటారు?" అన్నాడు తాత, ఆయాసపడుతూ.

"అడుగుతాను. కడిగేస్తాను," అని చుక్కమ్మ బయల్దేరింది.

కోదండం ఆమె రావడం దూరం నుంచే చూశాడు. నడక చూస్తేనే తెలిసిపోయింది ఎందుకొస్తోందో. గబగబా కొమ్మ దిగాడు.

"తిట్లు తర్వాత అక్కా. ముందు ఇది చూడు," అని కెమెరా ఆమె మొహానికి ఆనించాడు.

అందులో బొట్టు ఉన్నాడు. ముక్కు మీద మంచుబిందువు. పొద్దుటి ఎండ చెవుల్లోంచి ఎర్రగా కనబడుతోంది. ఒక ఇప్పపువ్వు వాసన చూస్తున్నాడు. చుక్కమ్మ చూసింది. మళ్ళీ చూసింది.

"చెవులు అచ్చం వాళ్ళ నాన్నవే," అంది.

అంతే పిల్లలూ. తిట్లు గొంతులోనే ఆగిపోయాయి. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. దారిలో తాబేలు తాత తలెత్తి ఆమె వైపు చూశాడు. ఆమె చూడనట్టు దాటుకుపోయింది. నేను ఆమె పక్షమన్నాను కదా, అయినా ఇది దాచను.

మూడు రోజులకి కోదండానికి కాపలా వంతు వచ్చింది. మెడలో కెమెరాతో కొమ్మ ఎక్కబోయాడు. కొండముచ్చులన్నిటికీ పెద్దదైన సూరమ్మవ్వ ఆపింది.

"ఆ పెట్టె ఇక్కడ పెట్టి ఎక్కరా."

"దీన్లోంచి చూస్తే దూరాన ఉన్నది దగ్గరగా కనబడుతుంది అవ్వా. కాపలాకి ఇంతకంటే మంచిది ఇంకేముంది?" అన్నాడు కోదండం.

నిజమే కదా అనుకున్నారు అందరూ. చుక్కమ్మ కూడా నిజమే అనుకుంది.

సాయంత్రమైంది. ఇప్పపూలు టపటపా రాలుతున్నాయి. దుప్పులన్నీ తల వంచుకుని మేస్తున్నాయి. గాలి దుప్పుల వీపు మీంచి ఎదురుగా ఉన్న పొదల వైపు వీస్తోంది. అటుపక్క వాసనేదీ ఇటు రాదు. అయినా భయమేముంది? పైన కాపలా ఉన్నాడు. బొట్టు తల్లికి పది అడుగుల దూరంలో పూలు ఏరుకుంటున్నాడు.

పైనుంచి "టిక్" అని చప్పుడైంది.

చుక్కమ్మ ఒక చెవి తిప్పింది. 'పిట్ట ఏదో వచ్చినట్టుంది. వీడి పిచ్చి వీడిది,' అనుకుంది. మళ్ళీ మేతలో పడింది.

"టిక్."

బొట్టు తలెత్తాడు.

"టిక్."

గడ్డి కదిలింది. పసుపచ్చగా ఏదో మెరిసింది. అప్పుడు, పిల్లలూ, అంతా అయిపోయాక, పైనుంచి "ఖక్! ఖక్! ఖక్!" అని అరుపు వినబడింది.

మంద చెదిరిపోయింది. చుక్కమ్మ ఒక్కతే పొదల వైపు పరిగెత్తింది. చిరుత అప్పటికే వాగు దాటేసింది. నోట్లో బొట్టు ఉన్నాడు. ఆమె వాగు ఒడ్డున నిలబడి, కాలు నేలకేసి కొడుతూ, గొంతు చిరిగేదాకా కూత పెట్టింది. ఆ కూతకి ఎవరు పరిగెత్తాలి? పరిగెత్తాల్సినవాడు లేడు.

ఆమె తోపుకి తిరిగొచ్చేసరికి అందరూ కోదండం చుట్టూ గుమిగూడి ఉన్నారు. వాడు ఏడుస్తున్నాడు.

"అరుద్దామనే అనుకున్నాను. అరిస్తే చిరుత వెళ్ళిపోతుంది కదా. ఇంత దగ్గరగా మళ్ళీ దొరకదు. ఒక్క ఫొటో తీసి అరుద్దామనుకున్నాను. అది ఆగి ఆగి వస్తోంది. ఇంకొకటి తీసి అరుద్దామనుకున్నాను..."

"ఎన్ని తీశావు?" అంది చుక్కమ్మ.

అందరూ పక్కకి తప్పుకున్నారు.

"మూడు అక్కా."

"చూపించు."

"వద్దమ్మా, నువ్వు చూడకు," అంది సూరమ్మవ్వ.

"నా కొడుకు ఫొటోలు. నేనే చూడాలి."

మొదటి ఫొటో చూసింది. చిరుత ఎక్కడో పుట్ట పక్కన ఉంది. బొట్టు పూలు తింటున్నాడు. ఇద్దరి మధ్యా బోలెడంత నేల ఉంది. నెల నిండని పిల్ల కూడా పరిగెత్తి తల్లి పక్కకి వచ్చేసేంత నేల.

రెండోది చూసింది. చిరుత సగం దూరం వచ్చేసింది. బొట్టు తల ఎత్తుతున్నాడు.

మూడోది చూసింది. చిరుత బొట్టు వెనకే ఉంది. బొట్టు కళ్ళు పెద్దవి చేసుకుని, నిటారుగా పైకి చూస్తున్నాడు. ఫొటో ఎంత స్పష్టంగా వచ్చిందంటే, వాడి కళ్ళలో ఇప్పచెట్టు కొమ్మ కూడా కనబడుతోంది.

వెనకనుంచి ఎవరో "అబ్బ!" అన్నారు. అని నాలుక కరుచుకున్నారు. కోదండానికి మాత్రం అలవాటు ఎక్కడికి పోతుంది?

"సరిగ్గా నా వైపే చూశాడక్కా. ఇలాంటి చూపు దొరకడం..." అని ఆగిపోయాడు.

చుక్కమ్మకి కన్నీళ్ళు రాలేదు. కోపం వచ్చింది. అరికాలి నుంచి నెత్తిదాకా మండింది.

"నీ వైపే చూశాడు. ఎందుకు చూశాడో తెలుసా నీకు? పుట్టిన మర్నాటి నుంచీ నేనే నేర్పాను. నాన్నా, పైనుంచి చప్పుడైతే కదలకుండా పైకి చూడు, మామయ్య ఏదో చెప్పబోతున్నాడు, ఖక్ అంటే నా దగ్గరికి పరిగెత్తు అని. నీ పెట్టె టిక్కుమంది. వాడు పైకి చూశాడు. వెనక చిరుత వస్తుంటే, నువ్వేం చెప్తావో అని నీ మొహం చూస్తూ నిలబడ్డాడురా! నీ అరుపు కోసం ఆగాడురా నా బిడ్డ! నువ్వు ఫొటో తీసుకున్నావు!"



"అక్కా..." అన్నాడు కోదండం.

"నన్ను అక్కా అనకు."

"దీన్ని బండకేసి కొట్టేస్తాను. వాగులో పారేస్తాను. ఇంక ముట్టుకోను."

"దాన్నెందుకు కొడతావు? అది పెట్టె. దానికి అరవడం రాదు. నీకు వచ్చు. నీ నోరు నీ దగ్గరే ఉంది. నువ్వు మూసుకున్నావు." చుక్కమ్మ చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "మీరూ వినండి. పికిలిపిట్ట ఏడుస్తుంటే మీరు ఫొటో బాగుందన్నారు. తాబేలు తాత ఎండలో చస్తుంటే నేను నా కొడుకు ఫొటో చూసి మురిసి, నోరు మూసుకుని వచ్చేశాను. వీణ్ణి ఆ కొమ్మ ఎక్కకుండా ఆ రోజే ఆపాల్సింది. ఆపలేదు. నా మీద నాకున్న కోపం నా దగ్గరే ఉంటుంది. వీడి మీదున్నదీ ఉంటుంది. మేం ఇంక ఈ తోపులో ఉండం."

సూరమ్మవ్వ ముందుకొచ్చింది. "తల్లీ, వీణ్ణి మళ్ళీ కాపలా కొమ్మ ఎక్కనివ్వం. వెళ్ళకండి. ఒప్పందం చెడగొట్టకండి," అని బతిమాలింది.

"ఒప్పందం ఇంకా ఎక్కడుంది అవ్వా? పైన ఒకడు చూస్తున్నాడనే నమ్మకంతోనే కదా మేం తల వంచేది! ఇప్పుడు ఏ ఆకు కదిలినా, నన్ను కాపాడుతున్నాడా, నన్ను ఫొటో తీస్తున్నాడా అని తలెత్తి చూసుకోవాలి. ఇంక మేసేదెప్పుడు?"

తెల్లారేసరికి దుప్పులన్నీ తోపు వదిలి, వాగు అవతలి బోడిగుట్టకి వెళ్ళిపోయాయి. అక్కడ ఇప్పపూలు లేవు. ఎండుగడ్డి తిని బతికాయి.

ఇక్కడ ఇప్పపూలు రాలి, తినేవాళ్ళు లేక కుళ్ళాయి. కొండముచ్చులు నీళ్ళకి దిగాలంటే వణికేవి. కింద వాసన పట్టి కూత పెట్టే దిక్కు లేదు. దాహానికి ఓర్చుకుని, ఓర్చుకుని, చివరికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగేవి. ఒక్కడు చేసిన పనికి మందమందంతా అలా ఎండిపోయింది.

తర్వాత చుక్కమ్మ కోదండాన్ని క్షమించిందా అని అడుగుతారు మీరు. క్షమించలేదు. వాడు రోజూ వాగు ఒడ్డుకి వచ్చి, అవతలి గుట్ట వైపు తిరిగి "ఖక్! ఖక్!" అని అరిచేవాడు. చిరుత ఉన్నా అరిచేవాడు, లేకపోయినా అరిచేవాడు. అవతల ఒక్క దుప్పి కూడా తల ఎత్తేది కాదు.

నీతి: ఆపదలో ఉన్న ప్రాణం కళ్ళబడితే ముందు కేక వెయ్యాలి. ఫొటో కోసం ఆ కేక ఆపినవాడు చిరుతతో కలిసి వేటాడినట్టే.