గంగిరెద్దు అంగీకారం

పలుగురాళ్ల కొండ పాదాన ఒక ఊట ఉండేది. పశువులు, మేకలు, కుందేళ్లు తరతరాలుగా దాని చుట్టూ కాపురం ఉండేవి. ఆ నీటిని నమ్ముకున్నవారిలో అందరికన్నా పెద్దది నల్లమ్మ అనే గేదె. ఆమె మాట్లాడేది తక్కువ, గమనించేది ఎక్కువ.

ఏటి అవతలి సింహం తన గుహలో తెల్లరాయి పరిపించాలని ముచ్చటపడింది. ఆ రాయి తెచ్చిపెట్టే పనిని పైడయ్య అనే నక్క గుత్తకు తీసుకున్నాడు. పందికొక్కుల దండును దింపి కొండ నడుమును తవ్వించాడు. ఊటనీరు మొదట తెల్లబడింది, తరువాత సన్నబడింది. ఆ నీరు తాగిన నల్లమ్మ దూడ కొన్నాళ్లపాటు లేచి నిలబడలేకపోయింది.

సణుగుడు మొదలయ్యేసరికి పైడయ్య ఊట పక్కన ఒక తొట్టి కట్టించాడు. సున్నం కొట్టించి, అంచున ఎర్రమన్నుతో పట్టీ దిద్దించాడు.

"ఇది మా సామాజిక బాధ్యత. మీ అభివృద్ధే మా ధ్యేయం!" అని ప్రకటించాడు.

"తొట్టి బాగుంది నాయనా, నీళ్లేవీ?" అంది ముసలి మేక.

"కట్టడం నా వంతు, నింపడం ఊట వంతు. అది బద్ధకిస్తే నన్నంటారేమిటి?"

అంతటితో ఆగక, అతని కన్ను కొండ శిఖరం మీద పడింది. ఊట పుట్టేది అక్కడే. అది తవ్వితే ఇక చుక్క నీరుండదు. అయితే సింహానికి తన పేరు చెడకూడదన్న పట్టింపు ఉంది. కింద బతికేవారు ఒప్పుకుంటేనే పైన తవ్వాలని ఆజ్ఞాపించి, ఆ ఒప్పుదల కళ్లారా చూసి రమ్మని ఎలుగుబంటిని పంపింది.

ఆ ఒప్పుదల కోసం పైడయ్య పెట్టిన సభ నాటి ఉదయం ఖాళీ తొట్టి దగ్గర ఒక కొత్త ముఖం కనిపించింది. వీపున రంగుల బొంత, మెడలో గంటలు. ఊరూరా ఆడి ముసలిదైపోయిన గంగిరెద్దు, బసవన్న. నల్లమ్మ పలకరించింది.

"మేత తిన్నావా అన్నా?"

బసవన్న తల ఊపాడు.

"ఆకలిగా ఉందా?"

అంతే నిండుగా మళ్లీ ఊపాడు. నల్లమ్మ తేరిపార చూసేసరికి అతనికి సిగ్గు ముంచుకొచ్చింది.

"ఏం చెయ్యను తల్లీ? ప్రశ్న చెవిన పడితే చాలు, మెడ తానే ఊగుతుంది. చిన్ననాటి నుంచి సన్నాయి ముందు నేర్పిన విద్య అది. నోటితో జవాబు చెప్పమని నన్నెవరూ అడగలేదు. ఇవాళ సభలో ఊపితే గడ్డిమోపు ఇస్తానన్నాడు పైడయ్య."

నల్లమ్మ నెమరు వేస్తూ సభకు నడిచింది.

సభలో పైడయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇంతమందిని విడివిడిగా అడిగితే పొద్దు గూకుతుంది. బసవన్నగారు దైవసమానులు, లోకం చూసినవారు. ఆయన తల ఊపితే మీరందరూ ఊపినట్టే!"

"అలాగే, అలాగే" అన్నాయి గొర్రెలు.

"మేం కట్టుబడతాం" అంది నల్లమ్మ. "మరి ఆయన తల ఊపిన మాటకు నువ్వూ కట్టుబడతావా పైడయ్యా?"

"భేషుగ్గా! ఎలుగు దొర సాక్షిగా కట్టుబడతాను."

మేక ఆమె చెవిలో గొణిగింది. "మతి పోయిందా వదినా? కొండను చేజేతులా అప్పగిస్తున్నావు!"

"కాసేపు నెమరు వేసుకో."

పైడయ్య అడిగాడు. "తవ్వకంతో ఊరు బాగుపడుతుందా బసవన్నగారూ?" గంటలు మోగాయి. "వీరందరి తరఫున శిఖరం తవ్వుకోమని అనుమతిస్తున్నారా?" గంటలు మరింత గట్టిగా మోగాయి. ఎలుగుబంటి లేవబోయింది.

"కూర్చోండి దొరా. ఊరి తరఫు ప్రశ్నలు మిగిలాయి" అని నల్లమ్మ ముందుకు వచ్చింది. "బసవన్నా, తవ్వకం వల్లే ఊట చెడిందా?"

తల ఊగింది.

"పైడయ్య గోతులు పూడ్చి కొండ దిగిపోవాలా?"

తల ఊగింది.

"ఊట కోలుకునేదాకా ఈ తొట్టిని తానే ఏటినీళ్లు మోసి నింపాలా?"

గంటలు కొండంతా వినిపించాయి.

"అన్యాయం!" పైడయ్య తోక నిక్కబొడుచుకుంది. "దొరా, ఈ ఎద్దు ఏమడిగినా తల ఊపుతుంది! కావాలంటే చూడండి. ఏమయ్యా, నువ్వు ఏనుగువా?"

బసవన్న వినయంగా తల ఊపాడు. సభ అంతా పగలబడి నవ్వింది. ఎలుగుబంటి మాత్రం నవ్వలేదు.

"మరి నీ ప్రశ్నలకు ఊగింది వేరే తలా? ఈ ఊపు చెల్లితే నువ్వు కొండ దిగాలి. చెల్లకపోతే నీకు అనుమతే లేదు. ఎటు చూసినా శిఖరం నీది కాదు. గోతులు పూడ్చి, నీళ్లు మోసి, ఆ తరువాతే ఏరు దాటు. సింహంగారి గుహకు మట్టినేల చాలు."

పందికొక్కులు గోతుల వైపు తిరిగాయి. పైడయ్య కడవ మెడకు తగిలించుకుని ఏటి దారి పట్టాడు.

మొదటి కడవ తొట్టిలో పడగానే నల్లమ్మ తన దూడను ముందుకు తోసింది. తరువాత బసవన్న వైపు తిరిగింది.

"మాతోనే ఉండిపోతావా అన్నా?"

బసవన్న తల ఊపాడు. గంటల మోత ఆగేదాకా ఆగి, నోరు తెరిచి, "ఉంటాను" అన్నాడు.

నీతి: ఊరికి మేలు చేస్తానన్నవాడు ఊరినే అడగాలి గాని, తల ఊపేవాణ్ణి వెంట తెచ్చుకోకూడదు.