చిక్కుడు పందిరి కింద దొంగ

మకరకేతు మహారాజుగారికి మోకాలు పట్టేసింది. ఆస్థాన వైద్యులు శూలపాణిగారు నాడి చూసి, మీసం దువ్వి, "వాతం ప్రభూ! ఇవాళ్టి నుంచి చిక్కుడుకాయ ముట్టకూడదు" అన్నారు.

అదేం చిత్రమో గానీ, వద్దన్న దగ్గర్నుంచీ రాజుగారి నోట్లో నీళ్ళూరేది ఆ కూరకే.

రాజమాతగారు తన పెరట్లో స్వయంగా గింజ నాటి, పేను పట్టకుండా బూడిద చల్లి, కన్నబిడ్డలా పెంచుకున్న పాదు ఆ ఏడు పందిరంతా విరగకాసింది. ఎవరో కాయలు కాజేస్తున్నారు! ఆవిడ నిండు సభకి వచ్చి, "నీ రాజ్యంలో నా చిక్కుడుకి కాపలా లేదా నాయనా?" అని నిలదీసింది.

రాజుగారు అందరికంటే గట్టిగా గర్జించారు. "సాయంత్రంలోగా దొంగ దొరకాలి!"

"వెతకడమెందుకు ప్రభూ?" శూలపాణిగారు లేచారు. "రోజూ ఆ పందిరి కింద తిరిగేది నూకాలొక్కతే. గుండు గీయించి, గాడిదెక్కించి, కోటలోంచి గెంటెయ్యాలి!"

నూకాలు రాజమాతగారి దాసి. పాదుకి నీళ్ళు పోసేదీ, కాయలు కోసి ఈనెలు తీసేదీ ఆమే. ఈ కొలువు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా నోరు ఊరుకోలేదు.

"గాడిదని తెప్పించండి ప్రభూ, పడుంటుంది. నేను వేరే దొంగని పట్టిస్తే?"

"ఎవడైనా సరే, ఇదే శిక్ష!" అనేశారు రాజుగారు.

నూకాలు పెరట్లోకి వెళ్ళి పందిరి చుట్టూ తిరిగింది. కిందికి వేలాడే కాయలు అలాగే ఉన్నాయి. మనిషి ముఖమెత్తున ఉన్నవే పోయాయి. పూలగుత్తులు తొడిమలతో సహా ఊడి నేలమీద పడున్నాయి.

'వంగడం అలవాటు లేని మనిషి. కాయ కోసి ఎరగని మనిషి...' అనుకుంటూ ముక్కున వేలేసుకుంది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

మధ్యాహ్నానికి సభ సభంతా పందిరి దగ్గరికి చేరింది.

"ఏం లేదయ్యా, తలా ఒక కాయ కోయండి. అంతే" అంది నూకాలు.

మంత్రిగారు వంగి ఒకటి గిల్లారు. శూలపాణిగారు గొణుక్కుంటూనే వంగి, పూత రాలకుండా లేతకాయ తుంచారు. రాజుగారి వంతొచ్చింది. ఆయన ఛాతీ విరుచుకుని నిలబడి, ముక్కుకి ఎదురుగా ఉన్న గుత్తి పట్టుకుని ఒక్క లాగు లాగారు. కాయలూ పూలూ తొడిమా అన్నీ చేతిలోకొచ్చేశాయి.

రాజమాతగారు ఆ చేతిని చూశారు. నేలమీది గుత్తుల్ని చూశారు.

"ఒరేయ్! నువ్వట్రా!"

రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. పక్కనే గాడిద ఓండ్రపెట్టింది.

నూకాలు వినయంగా చేతులు కట్టుకుంది. "వైద్యులుగారూ, మంగలిని పిలవమంటారా? గుండు తమరే గీస్తారా?"

శూలపాణిగారు రెండు చేతులూ అడ్డంగా ఊపారు. "అబ్బెబ్బే! ప్రభువులు తింటే దొంగతనమేమిటి? చిక్కుడంటే... లేత చిక్కుడంటే... అసలది మోకాళ్ళకి మందు!"

"మందా? మరి మొన్న ముట్టకూడదన్నారే?" అంది నూకాలు.

"ముదురుకాయ గురించి అన్నాను! లేతది దివ్యౌషధం. నేనే చెబుదామనుకుంటున్నాను."

నూకాలు చటుక్కున రాజమాతగారి వైపు తిరిగింది.

"విన్నారా అమ్మగారూ! వైద్యులు చెప్పిన మందు తీసుకున్నవాడు రోగి అవుతాడు గానీ, దొంగెలా అవుతాడు?"

ముందు నవ్వింది రాజమాతగారే. ఆ వెనక పెరడంతా గొల్లుమంది. రాజుగారు మోకాలు పట్టుకుని మరీ నవ్వారు. "అయితే పూటపూటా నాకదే మందు! ఈనెలు తీసే పని ఇక వైద్యులదే!"

మెడలోని ముత్యాలహారం తీసి నూకాలు చేతిలో పెట్టి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నారు.

"ఇకమీదట కాయ కోసి గుత్తి వదిలెయ్యండి ప్రభూ. దానికే మళ్ళీ పూత వస్తుంది."

సాయంత్రం గాడిద ఊరేగనే ఊరేగింది, వీపుమీద రెండు గంపల చిక్కుడుకాయలతో, నూకాలు ఇంటికి. శూలపాణిగారు వంటింటి గుమ్మంలో చతికిలబడి, మీసానికి అంటుకున్న ఈనె ఎలా వదిలించుకోవాలా అని చూస్తున్నారు.