ఎద్దు ఆగినంత దూరం ఫర్లాంగు

ఒకప్పుడు ఎద్దులకు ఆగడమంటే తెలియదు. కాడి మెడమీద పడితే పొద్దు వాలేదాకా నడవడమే.

ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ల దేశంలో ఆస్బర్ట్ అని ఒక దొర ఉండేవాడు. పొలం ఎక్కువ, బుద్ధి తక్కువ. పక్క దొర పొలంలో నాగలి గీసిన పొడవాటి చాలు చూసివచ్చాడు. ఇక రొట్టె సయించలేదు.

పాలేరు వుల్‌స్టన్‌ని పిలిచాడు. "ఒరేయ్, నా గుమ్మం నుంచి ఆ కొండదాకా ఒకటే చాలు తియ్యాలి. మధ్యలో ఆగావో, నీ గుడిసె పీకిస్తా!"

"ఎద్దులు చచ్చిపోతాయి దొరా."

"చస్తే చావనీ. చాలు పూర్తయ్యాక చావమను."

వుల్‌స్టన్‌కి ముగ్గురు పసిపిల్లలు. ఏం చేస్తాడు? ఎర్రెద్దునూ మచ్చెద్దునూ నాగలికి కట్టాడు.

అది బంకమట్టి నేల. కొంతదూరం పోయేసరికి మచ్చెద్దు నోట నురగ వచ్చింది. మోకాళ్లమీద కూలబడింది. ఎర్రెద్దు దాని పక్కనే నిలబడిపోయింది.

దొర గుర్రమెక్కి వచ్చాడు. "ఎవరు ఆగమన్నారు?"

"ఊపిరి అయిపోయింది దొరా" అంది ఎర్రెద్దు.

"నా పొలం అయిపోలేదుగా!"

"పొలం మీది. ఊపిరి మాది."

చుట్టూ ఊరు పోగైంది. దొరకు రోషం వచ్చింది. "సోమరి పశువా! ఈ మాత్రం నేనే లాగుతా!"

"లాగండి మరి" అంది ఎర్రెద్దు.

వుల్‌స్టన్ గబగబా కాడి విప్పాడు. అంత చురుగ్గా అతను పని చెయ్యడం ఎవరూ చూడలేదు.

దొర కాడి కింద మెడ పెట్టాడు. ఒక అడుగు. రెండడుగులు. మూడో అడుగుకి బొక్కబోర్లా పడ్డాడు.

"అబ్బ, ఎవరయ్యా ఇది?" అంది నేల. "ఇంత మెత్తటి బరువు నామీద ఎన్నడూ పడలేదు!"

జనం పగలబడి నవ్వారు. దొర మట్టి ఉమ్మేసి లేచాడు. "నవ్వుతారేం? చాలు ఇంతే పొడవుండాలి! అది కొలవడానికే పడుకున్నాను!"

సరేనన్నారు జనం. దొరతో వాదమెందుకు? వాళ్ల పాత మాటల్లో 'ఫుర్' అంటే చాలు, 'లాంగ్' అంటే పొడవు. గుమ్మం నుంచి ఎద్దులు ఆగిన చోటిదాకా ఉన్న ఆ దూరాన్ని, అంటే మైలులో ఎనిమిదో వంతుని, ఫర్లాంగు అన్నారు. కొలత కనిపెట్టిన పేరు దొరకు దక్కింది. వుల్‌స్టన్‌కి గుడిసె మిగిలింది. ఎద్దులకు ఎండుగడ్డి దక్కింది.

"పేరు తినలేం కదా" అంది మచ్చెద్దు, గడ్డి నములుతూ.

అప్పటినుంచే ఎద్దు చాలు చివరికి రాగానే ఎవరూ చెప్పకుండా ఆగుతుంది. బుస్సుమని ఊపిరి వదిలి, తల తిప్పి వెనక్కి చూస్తుంది. ఈసారి కాడి మొయ్యడానికి ఏ దొరైనా వస్తున్నాడేమోనని!