పదకొండో గుడ్డ

దస్తగిరికి వచ్చిన కష్టం పగవాడికి కూడా రాకూడదు. ఇంటి కిటికీకి కర్టెన్ గుడ్డ ఎంచుకోవాలి.

నవ్వకండి. అతని భార్య మాబున్ని కాన్పుకని పుట్టింటికి పోయి ఐదు నెలలు దాటింది. "పిల్లోడు కండ్లల్లో ఎండ పడితే లేచి ఏడుస్తాండాడు. మన ఇంట్లో ఆ పడమటి కిటికీకి గుడ్డ కట్టినాకే నేను వచ్చేది" అని ఫోన్లో తేల్చి చెప్పింది. అప్పటికే రెండు శుక్రవారాలు ప్రయాణం వాయిదా పడింది. ఈ శుక్రవారం కూడా కుదరకపోతే రంజాన్ అయ్యేదాకా రానంది. కొడుకును అతను చూసింది రెండే సార్లు. వాడు బోర్లా పడుతున్నాడని విని, అది తాను చూడలేదని ఏడ్చినంత పని చేశాడు.

మరి ఏదో ఒకటి కట్టొచ్చు కదా అంటారు. ఎట్లా కడతాడు? ప్రొద్దుటూరులో డ్రాయింగు మాస్టరాయె. రంగుల దగ్గర అతనికి ఏదీ ఒక పట్టాన నచ్చదు. కాలుగాలిన పిల్లి మాదిరి అంగళ్ళన్నీ తిరిగి ఇరవైమూడు రకాల గుడ్డలు తెచ్చాడు. ఒక్కొక్కటీ కిటికీకి తగిలించడం, వీధిలోకి పోయి ఎదురింటి గోడకు ఆనుకొని చూడటం, తల అడ్డంగా ఊపడం. నెమలికంఠం రంగు బాగుంది గానీ గోడకు నప్పలేదు. ఇటుక రంగు నప్పింది గానీ పూలు పెద్దవి. మూడు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు.

బుధవారం ఆ మూట ఎత్తుకొని గురువు దగ్గరికి పోయాడు.

గురువు కుళ్ళాయప్ప తాత. దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన పని. ఆ పని మధ్యలోనే, వచ్చినవాళ్ళకు రెండు మంచి మాటలు చెప్తాడు. మూడో మాట అడిగినా చెప్పడు.

"తాతా, ఇంగ నా వల్ల కాదు. ఏది మంచిదో మీరే చెప్పండి."

"కిటికీ యాడుంది?"

"ఇంట్లో."

"మరి గుడ్డలు ఈడికి తెచ్చినావే?" తాత గడ్డానికి అంటిన దూది దులుపుకొని లేచాడు.

ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది. పడమటి ఎండ నేరుగా గదిలోకి దిగుతోంది.

"పిల్లోన్ని యాడ పండుకోబెడతావు?"

దస్తగిరి చాప చూపించాడు.

"ఆడ పండుకో."

"నేనా?"

"పిల్లోడు ఇంకా రాలేదు కదప్పా."

పండుకున్నాడు. డెబ్బై ఏళ్ళ తాత స్టూలెక్కి, మొదటి గుడ్డ రెండు చేతులతో కిటికీకి అడ్డంగా పట్టుకున్నాడు. గురువు అట్లా నిలబడి ఉంటే తాను కాళ్ళు చాపుకోవడం ఏమిటని దస్తగిరి లేవబోయాడు. తాత అక్కడి నుంచే కళ్ళెర్రజేశాడు. మళ్ళీ పండుకున్నాడు.

వీధిలోంచి అంత బాగున్న నెమలికంఠం లోపలికి మురికిగా కనిపించింది. ఇటుక రంగుకు గదంతా పొయ్యిలో ఉన్నట్టు అయింది. "తాతా, దీని అంచు..." అని మూడోదానికి చాలాసేపు చెప్పాడు. ఐదోదానికి కొంచెమే చెప్పాడు. ఎనిమిదోదానికి "ఊ" అన్నాడు. పదకొండోదానికి ఆ ఊ కూడా లేదు.

తాత కాసేపు చూశాడు. చప్పుడు కాకుండా ఆ గుడ్డను పురికొసతో కిటికీకి కట్టి, స్టూలు దిగాడు.

దస్తగిరి లేచేసరికి పక్క వీధి మసీదులో సాయంత్రం నమాజుకు పిలుస్తున్నారు. తాత గోడకు ఆనుకొని కూర్చుని తనలో తానే నవ్వుకుంటున్నాడు. కిటికీకి సన్నటి నేత గుడ్డ. పూలు లేవు, అంచు లేదు. గదిలో వెలుతురు పలచటి మజ్జిగలా ఉంది.

దస్తగిరి గాబరాగా మూట వైపు చూశాడు.

"తాతా, ఇంకా పన్నెండు గుడ్డలు చూడల్ల కదా."

"చూసేటోడు నిద్రపోయినాడు కదప్పా. ఇంగ ఎవరికి చూపియ్యల్ల?"

దస్తగిరికి నవ్వొచ్చింది. మొదట చిన్నగా, తర్వాత కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే ఫోన్ అందుకున్నాడు.

"మాబున్నీ, గుడ్డ కట్టేసినాం."

"ఏ రంగు?" అంది మాబున్ని అనుమానంగా.

"నువ్వొచ్చి చూసుకో. శుక్రవారం దాకా దేనికి, రేపే రా."