ఎవరు చూసిన నీళ్లు?

అనగనగా ఒక అడవి. ఆ ఏడు వానలు ఆ అడవికి మొహం చాటేశాయి. అందరూ తాగే మడుగు ఎండి బురదైంది. ఆ బురదా రేపోమాపో గట్టిపడిపోయేలా ఉంది.

ఆ అడవిలో ఒక దుప్పి ఉంది. తనకు బిడియం ఎక్కువ. నలుగురిలో నోరు విప్పాలంటే చెవులు వణికేవి. దానికి ఈమధ్యే పిల్ల పుట్టింది. పిల్లకి కాళ్లు ఇంకా గట్టిపడలేదు. నాలుగడుగులు వేస్తే కూలబడేది.

"ఇక్కడ ఉంటే చస్తాం. అందరం కలిసి నీళ్లున్న చోటికి పోదాం" అన్నాడు పెద్ద ఏనుగు. విడిగా పోతే చిరుతపులి వదలదు కదా, అందుకని ఎటు పోయినా కలిసే పోవాలి.

ఎటు పోవాలో తేల్చడానికి ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరూ ఒక మోదుగాకు తెచ్చి, తమకు నచ్చిన వైపు పెట్టాలి. ఏ కుప్ప పెద్దదైతే అటు ప్రయాణం.

ముందు కొంగ లేచింది. "రాతివాగు మలుపులో మోకాలి లోతు నీళ్లున్నాయి. పొద్దున అక్కడే చేప పట్టుకున్నాను" అని ఒక ఆకు పెట్టింది.

"ఎవరి మోకాలమ్మా? నీదా, ఏనుగయ్యదా?" అన్నాడు అడవిపంది. అందరూ నవ్వారు. కొంగ తల దించుకుంది.

"కొండవతల చెరువుంది. నిండుకుండలా ఉంది. తామరదుంపలు కూడా ఉన్నాయి" అని పంది రెండో వైపు ఆకు పెట్టాడు. ఎలుగూ అదే మాట అన్నాడు. కోతీ అదే మాట. ముళ్లపంది, కుందేలు, నక్క, నెమలి, అందరూ అటే. ఇంతమంది చెబుతుంటే ఇంకేం కావాలి అనుకుని దుప్పి కూడా అటే ఆకు పెట్టేసింది.

పెట్టాక కొండ వైపు చూసింది. నిట్టనిలువుగా ఉంది. పంది దగ్గరికెళ్లి మెల్లగా అడిగింది.

"పందన్నా, ఎక్కే దారిలో ఎక్కడైనా నీడ ఉందా? పిల్లను కాసేపు పడుకోబెట్టుకోవాలి."

"నాకేం తెలుసు దుప్పమ్మా. చెరువు సంగతి ఎలుగు చెప్పాడు. వాణ్ణే అడుగు."

ఎలుగుని అడిగితే, "నేనెప్పుడు చూశాను? కోతి చెప్పింది" అన్నాడు.

కోతిని అడిగితే, "నెమలి అంటుంటే విన్నాను" అంది.

నెమలి మెడ నిక్కించాడు. "నేను కళ్లారా చూశాను. ఆ గట్టు మీదే పురి విప్పి ఆడాను."

"ఎప్పుడు బావా?"

"పోయిన వానల్లో."

దుప్పి ముళ్లపందినీ కుందేలునీ నక్కనీ కూడా అడిగింది. అన్ని మాటలూ తిరిగి తిరిగి నెమలి దగ్గరికే వచ్చాయి.

ఊరుకుంటే ఎవరూ తనను ఏమీ అనరు. కానీ పిల్ల ఆ కొండ ఎక్కగలదేమో గానీ, అక్కడ నీళ్లు లేకపోతే మళ్లీ దిగి రాలేదు. దుప్పి అందరి ముందుకూ వెళ్లి, తన ఆకు తాను తీసేసుకుంది.

"అదేమిటి తల్లీ?" అన్నాడు ఏనుగు.

"పెద్దయ్యా, నేను చూసి పెట్టలేదు. విని పెట్టాను. ఇక్కడ ఆకులు చాలా ఉన్నాయి, మాట మాత్రం ఒక్క నెమలిదే. అదీ పోయినేటిది."

పంది మొహం ఎర్రబడింది. "అంటే నేను అబద్ధాలకోరునా?"

"కాదన్నా. నువ్వు విన్నది విన్నట్టే చెప్పావు. నేనూ అదే పని చేశాను. అందుకే ముందు నా ఆకు తీశాను."

ఏనుగు అందరి వైపూ తిరిగి, "చూసినవాళ్ల ఆకులే ఉంచండి" అన్నాడు.

ఒక్కొక్కరే వచ్చి ఆకులు తీసుకున్నారు. చివరికి అటొకటి, ఇటొకటి మిగిలాయి. ఒకటి పోయిన వానల నాటి మాట. ఇంకొకటి ఈ పొద్దుటిది. నెమలే తన ఆకు ముక్కుతో తీసుకుని, "వాగుకే పోదాం" అన్నాడు.

అందరూ వాగుకి నడిచారు. పంది మాత్రం మూతి ముడుచుకుని చివరన వచ్చాడు. దారిలో పిల్ల మూడుసార్లు కూలబడింది. మూడుసార్లూ అందరూ ఆగారు.

తీరా చూస్తే, నీళ్లున్నాయి. కానీ కొంగ మోకాలి లోతే. ఇంతమందికి ఏ మూలకి? అందరూ దుప్పి వైపు చూశారు. దుప్పి చెవులు వణికాయి.

అప్పుడు పంది ముందుకొచ్చాడు. ఇసుకలో మూతి పెట్టి వాసన చూశాడు. గబగబా తవ్వడం మొదలుపెట్టాడు. కాసేపటికి తవ్విన చెలమలో చల్లటి నీళ్లు ఊరాయి.

"కొంగమ్మ మోకాలే, ఒప్పుకున్నాను" అన్నాడు. మూతి నిండా తడి ఇసుకతో దుప్పి వైపు తిరిగి, "ముందు నీ పిల్లకి పట్టు దుప్పమ్మా. నేను ఇంకో చెలమ తవ్వుతాను" అన్నాడు.

నీతి: ఎంతమంది చెప్పారన్నది కాదు, వాళ్లలో చూసినవాళ్లెవరో అడగాలి. అడిగేటప్పుడు మన మాట నుంచే మొదలుపెట్టాలి.