కువలయ మూసిన గుమ్మం

అనగనగా, సముద్రానికీ కొండలకీ నడుమ, సరదాలంటే చెవి కోసుకునే జనం ఉన్న ఒక రాజ్యం. దాని పేరు మందారపురం. దాన్ని ఏలే రాజు హేమాంగదుడు. ఆయనకు ఒక్కతే కూతురు, కువలయ.

ఒకనాడు దూరదేశపు శిల్పి ఒకడు ఓడ దిగి కొలువుకు వచ్చాడు. అతని చేతిలో నల్లటి అద్దపు పలక ఉంది.

"మహారాజా, ఇది ఆటపలక. వేలితో గీస్తే చాలు, ఇందులో వినోదవనం లేస్తుంది. చూడటానికి వేలెడంత మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు. వాళ్లు సంతోషిస్తే పలక వెలుగుతుంది. కానీ ఒక్క మాట. లోపలున్న చివరి మనిషి కూడా వెళ్లిపోతే పలక ఆరిపోతుంది. మళ్లీ వెలగదు."

కువలయ ముందుకు వంగింది. "ఎక్కణ్ణించి వస్తారు వాళ్లు?"

శిల్పి నవ్వాడు. "అది నాకూ తెలియదు, తల్లీ."

రాజుకు ఒక ఆలోచన తట్టింది. ఆయన ప్రజల కోసం ఏటి ఒడ్డున నిజమైన వినోదవనం కట్టిస్తున్నాడు. దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేలక సతమతమవుతున్నాడు.

"అమ్మా కువలయా, పున్నమి నాటికి ఈ పలక కళకళలాడుతూ ఉంటే ఏటి ఒడ్డు వనం నీదే. లేదంటే మీ బాబాయికి అప్పగిస్తాను" అన్నాడు.

కువలయ పలకను గుండెకు హత్తుకుని మేడ మీదకు పరుగెత్తింది.

మొదట ఒక గుమ్మం గీసింది. దాని వెనుక మబ్బులను తాకే రంగులరాట్నం గీసింది. గీత ఆరకముందే రాట్నం గిర్రున తిరిగింది. ఎక్కణ్ణించో చిన్న చిన్న మనుషులు బిలబిలమంటూ వచ్చారు. కువలయ చప్పట్లు కొట్టింది. అయితే పొద్దెక్కే కొద్దీ వాళ్లు ఒక్కొక్కరే గుమ్మం దాటి వెళ్లిపోసాగారు.

"ఇది చాలలేదేమో" అనుకుంది. ఈసారి కొండచిలువలా మెలికలు తిరిగే దారి గీసి, దాని మీద బండి పెట్టింది. బండి పైకెక్కి దబ్బున కిందికి దూకింది. కేకలే కేకలు! జనం రెట్టింపు వచ్చారు. గుప్పెడు మంది తప్ప అందరూ రెట్టింపు జోరుగా వెళ్లిపోయారు. పలక అంచులు నల్లబడ్డాయి.

పున్నమి దగ్గర పడుతోంది. మళ్లీ జనం లోపలికి వచ్చేదాకా ఆగి, ఆమె మూడోపని చేసింది. కొంగుతో గుమ్మాన్ని చెరిపేసింది.

ఇప్పుడు ఎవరూ వెళ్లలేదు. వెళ్లడానికి దారే లేదు.

మర్నాడు రాజు వచ్చి పలకలోకి చూశాడు. ఇసుక వేస్తే రాలనంత జనం. "శభాష్, తల్లీ! ఏటి ఒడ్డు వనం నీదే అయ్యేలా ఉంది" అన్నాడు.

కువలయకు నవ్వు వచ్చింది, కానీ నిలవలేదు. జనం నిండా ఉన్నారు, మరి పలక ఎందుకు మసకగా ఉంది? ఆమె అద్దానికి ముక్కు ఆనించి చూసింది. రాట్నం దగ్గర ఒక ముసలమ్మ మనవరాలిని చంకనేసుకుని నిలబడి ఉంది. పాప ఏడుస్తోంది. ఏమంటోందో అని కువలయ అద్దానికి చెవి ఆనించింది.

"అవ్వా, ఇంటికెళ్దాం."

"దారి కనబడటం లేదే, నా తల్లీ. వెతుకుతూనే ఉన్నాను."

కువలయ ముఖం ఎర్రబడింది. చటుక్కున వేలు చాచి గుమ్మం గీసింది.

"ఏం చేస్తున్నావమ్మా? అందరూ పోతారు!" అన్నాడు రాజు.

"పోనివ్వండి, నాన్నగారూ. వాళ్లు ఇష్టపడి ఉండలేదు. నేనే దారి చెరిపేశాను."

జనం గుమ్మం వైపు ఉరికారు. పలక మూలల నుంచి చీకటి కమ్ముకొచ్చింది. చివరికి మెల్లగా నడిచే ముసలమ్మా, మనవరాలూ మిగిలారు.

కువలయ గొంతు తగ్గించి పిలిచింది. "అవ్వా, ఒక్క మాట చెప్పి వెళ్తావా? నా వనంలో ఏం తక్కువైంది?"

ముసలమ్మ ఆగి ఆకాశం వైపు చూసింది. "ఎవరమ్మా ఆ గొంతు? ఇన్నాళ్లకు అడిగావా! నీ రాట్నం బాగుంది, నీ బండీ బాగుంది. కానీ అవి ఎక్కాలంటే మండుటెండలో నిలబడాలి. గుక్కెడు నీళ్లు లేవు. నా మోకాళ్లు నొప్పెడితే కూర్చోవడానికి అరుగు లేదు. ఈ బుడ్డదానికి తగిన ఆట ఒక్కటైనా లేదు."

నిజమే. కువలయ ఇన్నాళ్లూ రాట్నాన్ని చూసి మురిసింది గానీ, దాని కింద నిలబడ్డవాళ్లను చూడలేదు.

ఆమె రాట్నం ముందు జనం నిలబడే వరస మీద తాటాకు పందిరి వేసింది. పక్కనే చలివేంద్రం, దాని ముందు అరుగు. అరుగు పక్కన చేతికందేంత ఎత్తులో చిన్న ఉయ్యాల.

ముసలమ్మ వెనక్కి తిరిగింది. నీళ్లు తాగి, అమ్మయ్య అంటూ చతికిలబడింది. పాప ఉయ్యాలెక్కింది. "ఇంకోసారి, అవ్వా! ఇంకోసారి!"

గుమ్మం బయట ఎవరో తొంగిచూశారు. "అవ్వా, లోపలికొస్తే మళ్లీ బయటికి పోనిస్తారా?"

"ఎప్పుడంటే అప్పుడు పోవచ్చు. రండి, రండి."

ఒకరి వెనుక ఒకరు వచ్చారు. ఈసారి పలక వెలుగు గదంతా పరుచుకుంది.

రాజు కూతురి వైపు తిరిగి, "అవ్వ కూడా వెళ్లిపోయి ఉంటే?" అని అడిగాడు.

"పలక ఆరిపోయేది. ఏటి ఒడ్డు వనం బాబాయిగారిది అయ్యేది. నేను బాగా ఏడ్చేదాన్ని" అంది కువలయ.

"అంత నష్టమని తెలిసీ గుమ్మం తెరిచావు. అందుకే ఇస్తున్నాను, తీసుకో" అన్నాడు రాజు.

ఏటి ఒడ్డు వనం మొదలైన రోజున రాకుమారి కోసం ఎత్తుగా పీట వేశారు. ఆమె దాని మీద కూర్చోలేదు. పసిబిడ్డల తల్లుల వెనుక వరసలో నిలబడి, "ఎండ తగులుతోందా, అక్కా?" అని అడుగుతూ నడిచింది.

పదిమంది తమ దగ్గర ఉండాలని కోరుకునేవారు తలుపులు మూయకూడదు, వాళ్ల పక్కన నిలబడి వాళ్ల కష్టమేమిటో అడిగి తెలుసుకోవాలి.